పిల్లల మీద ఆశ వేరు, నమ్మకం వేరు

2024 డిసెంబరు 28, మెల్‌బోర్న్. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల మీద ఉన్నాడు. అవతలి ఎండ్‌లో బుమ్రా సున్నాకే అవుటై వెళ్లిపోయాడు. మిగిలింది ఆఖరి వికెట్టు. పదకొండో నంబరులో దిగింది మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. వాటిలో ఒక్కటి తేడా పడినా నితీశ్ తొలి టెస్టు సెంచరీ ఒక్క పరుగు దూరంలో ఆగిపోతుంది. కెమెరా మాటిమాటికీ గ్యాలరీలో కూర్చున్న నితీశ్ వాళ్ల నాన్న ముత్యాలరెడ్డి గారి వైపు తిరుగుతోంది.

సిరాజ్ మూడు బంతులూ ఆపాడు. తర్వాతి ఓవర్లో బోలాండ్ వేసిన బంతిని నితీశ్ మిడాన్ మీదుగా ఫోరుకు పంపాడు. మోకాలి మీద కూర్చుని, బ్యాటు నేలకు నిలబెట్టి, దానికి హెల్మెట్ తగిలించాడు. గ్యాలరీలో ఆ తండ్రి ఏడుస్తుంటే పక్కనున్నవాళ్లు ఆయన్ని కావలించుకున్నారు.

సాయంత్రానికల్లా ఆ వీడియో ప్రతి ఫ్యామిలీ గ్రూపులోనూ తిరిగింది. దాంతోపాటే కథ కూడా. ముత్యాలరెడ్డి గారు హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగి. ఉదయ్‌పూర్‌కు బదిలీ అంటే కొడుకు క్రికెట్ ఏమైపోతుందోనని ఉద్యోగమే వదిలేశారు. ‘తండ్రి నమ్మాడు, కొడుకు నిలబెట్టాడు’ అని కింద ఒక లైను, రెండు దణ్ణాలు. మా గ్రూపులో అయితే ఒకాయన, ఇంటర్ చదువుతున్న కొడుకు కూడా అదే గ్రూపులో ఉన్నాడన్న సంగతి మర్చిపోయి, ‘పిల్లలు అర్థం చేసుకుంటే కదా’ అని కూడా పెట్టారు.

వీడియో చూసి నా కళ్లూ చెమర్చాయి, అబద్ధమెందుకు. కానీ ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోతే అసలు సంగతి దొరకదు. నితీశ్ తానే చెప్పిన మాట ఒకటుంది: చిన్నప్పుడు తాను ఆటను అంత సీరియస్‌గా తీసుకోలేదట. నాన్న తనకోసం ఉద్యోగం వదిలారు. డబ్బుకు ఇబ్బంది పడి ఒకరోజు ఆయన ఏడవడం చూశాడు. అప్పుడు మారాడట. అంటే నాన్న ‘నువ్వు చేయగలవురా’ అన్నంతకాలం రాని మార్పు, ఆ మాటకు ఆయన కట్టిన ఖరీదు కళ్లారా చూశాక వచ్చింది. ఇదే దృశ్యం ఇంకో ఇంట్లో ఇంకో పిల్లాడు చూసి ఉంటే? ‘నావల్లే కదా ఇదంతా’ అని కుంగిపోయి, బ్యాటు పట్టాలంటేనే భయపడేవాడేమో. కన్నీళ్లు అవే, ఫలితం మాత్రం రెండు రకాలుగా ఉండొచ్చు.

అందుకే ‘తల్లిదండ్రుల నమ్మకం పిల్లల కెరీర్‌ను నిలబెడుతుందా?’ అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. నమ్మకం అని మనం అలవాటుగా అనే మాటలో నాలుగైదు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి.

రెండు ప్రశ్నలు అడిగిన జర్మన్లు

జర్మనీలోని బవేరియాలో 2002 నుంచి 2007 దాకా పరిశోధకులు ఒక పని చేశారు. ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు సుమారు మూడున్నర వేల మంది పిల్లల లెక్కల సామర్థ్యాన్ని ఏడాదికోసారి కొలుస్తూ వచ్చారు. తల్లిదండ్రులను మాత్రం రెండు ప్రశ్నలు అడిగారు. మీ బిడ్డకు లెక్కల్లో ఏ గ్రేడు రావాలని కోరుకుంటున్నారు? నిజానికి ఏ గ్రేడు తెచ్చుకోగలరని అనుకుంటున్నారు?

మనకు రెండూ ఒకటే ప్రశ్నలా అనిపిస్తాయి. మొదటిది ఆశను అడుగుతుంది, రెండోది నమ్మకాన్ని. మురయామా, పెక్రూన్, వారి సహచరులు 2016లో ప్రచురించిన ఫలితం ఇదీ: తల్లిదండ్రుల ఆశ ఎక్కువగా ఉన్న పిల్లలు ఏడాదికేడాది మెరుగయ్యారు. ఇక్కడిదాకా మనకు తెలిసిన కథే. కానీ ఆశ నమ్మకాన్ని దాటిపోయిన ఇళ్లలో, అంటే ‘ఇంత రావాలి’ అన్నది ‘ఇంత వస్తుంది’ అన్నదానికంటే పైన ఉన్నచోట, పిల్లలు వెనకబడ్డారు. అమెరికాలో పన్నెండు వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని పరిశీలించినా దాదాపు ఇదే కనిపించింది.

దీన్ని మన ఇంటి భాషలోకి తెచ్చుకుందాం. ‘మావాడికి ఎంసెట్‌లో వెయ్యిలోపు ర్యాంకు రావాలి’ అన్నది ఆశ. (పేరు ఈఏపీసెట్ అయి ఎన్నాళ్లయినా ఇళ్లలో ఇంకా ఎంసెట్టే.) ‘మావాడు కుదురుగా కూర్చుంటే పదివేలలోపు తెచ్చుకుంటాడు’ అన్నది నమ్మకం. వెయ్యికీ పదివేలకూ మధ్య ఉన్న ఆ తొమ్మిది వేలు ఎక్కడికీ పోవు. ఎవరో ఒకరు మోయాలి. మా పిల్లలు ఎందుకు ఇంత టెన్షన్ పడుతున్నారో అర్థం కావట్లేదండీ అని అడిగే పెద్దవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే: మీరు కోరుకునేదానికీ మీరు లోపల నమ్మేదానికీ మధ్య ఉన్న తేడాను వాడు మోస్తున్నాడు. పైగా మీరు లోపల నమ్మేది ఎంతో వాడికి తెలుసు. పిల్లల దగ్గర అది దాగదు.

ఎలా తెలుస్తుందో చూడాలంటే నెలకోసారి ఔటింగ్ ఇచ్చే ఆదివారం ఏ కార్పొరేట్ కాలేజీ హాస్టల్ గేటు దగ్గరైనా ఒక గంట నిలబడండి. బయట చెట్టు కింద చాప పరిచి ఉంటుంది. అమ్మ స్టీలు క్యారియర్ విప్పుతుంది. పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో చికెన్ వేపుడు. ‘చిక్కిపోయావేంట్రా’ అంటుంది. నాన్న ఫోను చూసుకుంటూ ఉంటాడు. పిల్లాడు నాలుగు ముద్దలు తింటాడు. అప్పుడు నాన్న, ఎటో చూస్తూ, ‘వీకెండ్ టెస్ట్‌లో ఎంత?’ అంటాడు. పిల్లాడు చెప్తాడు. ఆ తర్వాత ఒక రెండు సెకన్లు ఎవరూ మాట్లాడరు. పిల్లాడు గిన్నెలో పల్లీలు ఏరుకుంటాడు. అమ్మ ‘పర్లేదులే, నెక్స్ట్ టైం’ అంటూ ఇంకో గరిటె వడ్డిస్తుంది. ఆ ఇద్దరూ వాడికోసం ఏ తెల్లవారుజామునో లేచి బస్సెక్కి వచ్చినవాళ్లే, ప్రేమకు లోటేమీ లేదు. కానీ నెలంతా హాస్టల్‌లో వాడు మోసుకు తిరిగేది పులిహోర రుచిని కాదు, ఆ రెండు సెకన్లను.

ఓడిన రోజు ఇంట్లో ఏం జరుగుతుంది?

ఆ రెండు సెకన్ల మీద కూడా పరిశోధన ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్తలు కైలా హైమోవిట్జ్, కెరోల్ డ్వెక్ 2016లో దీన్నే పట్టుకున్నారు. తెలివి పుట్టుకతో వస్తుందా, పెంచుకుంటే పెరుగుతుందా అన్నదాని మీద తల్లిదండ్రులకు ఏ అభిప్రాయం ఉన్నా అది పిల్లలకు పెద్దగా చేరట్లేదని తేలింది. అది మనసులో ఉండే సంగతి. పిల్లలకు సూటిగా చేరుతున్నది మరొకటి: బిడ్డ తప్పినప్పుడు, ఓడినప్పుడు తల్లిదండ్రులు ఎలా ప్రవర్తిస్తారన్నది. ఓటమిని నష్టంగా చూసే తల్లిదండ్రులు బిడ్డ సామర్థ్యం గురించి దిగులుపడతారు, జాలిపడతారు. ఓటమిలో నేర్చుకునేది ఉందనుకునేవాళ్లు ఏం జరిగింది, ఇప్పుడేం చేద్దాం అని అడుగుతారు. మొదటిరకం ఇళ్లలో పిల్లలు ‘నా తెలివి ఇంతే’ అన్న నిర్ణయానికి వచ్చేస్తున్నారు.

నన్ను బాగా ఆలోచింపజేసింది జాలి అన్న మాట. తిట్టడం తప్పని ఇప్పుడు అందరికీ తెలుసు. జాలి మాత్రం ప్రేమలాగే కనిపిస్తుంది. ‘పోనీలేమ్మా, లెక్కలు మన ఇంట్లో ఎవరికీ రావు’ అని తల నిమిరే తండ్రి బిడ్డను ఓదారుస్తున్నాననే అనుకుంటాడు. ఆ అమ్మాయికి వినిపించేది వేరు: ఇకమీదట కూడా రావు. ‘ఏ చాప్టర్ దగ్గర దెబ్బతింది?’ అని అడిగితే తల నిమిరినంత హాయిగా ఉండదు కానీ, ఆ ప్రశ్నలో ‘వస్తాయి’ అన్న సంగతి ఇమిడి ఉంది.

దీనికి మన కళ్లముందున్న ఉదాహరణ పి.వి.సింధు. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. మామూలుగా అయితే ఏం జరగాలి? అంత ఎత్తున్న అమ్మాయి చేతికి వాలీబాలే రావాలి. ఎనిమిదేళ్ల వయసులో సింధు షటిల్ రాకెట్ పట్టుకుంది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన ఊపు అది. తమకు తెలిసిన ఆటను పక్కనపెట్టి, కూతురు ఎంచుకున్న ఆట వెంట వాళ్లిద్దరూ నడిచారు. ‘మాలాగే’ అన్న కోరికను వదులుకోవడం కూడా ప్రోత్సాహంలో ఒక భాగమే. మన ఇళ్లలో డాక్టర్ల పిల్లలను, ఇంజినీర్ల పిల్లలను అడిగితే అదెంత అరుదో చెప్తారు.

ఆ తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. 2016లో రియో ఫైనల్లో ఓటమి, రజతం. 2017లో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో నూట పది నిమిషాల మ్యాచ్, మూడో గేమ్ 20-22. మళ్లీ రజతం. 2018 కామన్వెల్త్ ఫైనల్లో సైనా చేతిలో ఓటమి, ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ చేతిలో, ఏషియన్ గేమ్స్ ఫైనల్లోనూ ఓటమి. ‘సిల్వర్ సింధు’ అని పేరుపెట్టేశారు జనం. ఫైనల్స్ అంటే భయమని టీవీల్లో విశ్లేషణలు నడిచాయి. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ముప్పై ఎనిమిది నిమిషాల్లో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. ఆ రోజు వాళ్లమ్మ విజయ గారి పుట్టినరోజు. పతకం అమ్మకు అంకితం చేసింది.

ఆ మూడేళ్లలో ఆ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడుకున్నారో బయటివాళ్లం చెప్పలేం. కానీ ఆ అమ్మానాన్నలిద్దరికీ నెట్టు అవతల పాయింటు పోవడమంటే ఏమిటో ఒంట్లో తెలుసు. ఓడిన మ్యాచ్‌ను చూసి వాళ్లు మొదట అడిగేది ‘పరువు’ గురించి అయి ఉండదు.

ఒక చిన్న పక్కమాట. డ్వెక్ పేరు చెప్పి ఇప్పుడు స్కూళ్లలో, పేరెంటింగ్ వీడియోల్లో ‘తెలివైనవాడివి అని మెచ్చుకోకండి, కష్టపడ్డావని మెచ్చుకోండి, జీవితం మారిపోతుంది’ అని ఊదరగొడుతున్నారు. 1998లో ఆమె, క్లాడియా ముల్లర్ చేసిన ప్రయోగాలు ఆసక్తికరమైనవే. తెలివిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన పజిల్ ఎదురవగానే జారిపోయారు. అయితే ఈ తరహా అధ్యయనాలన్నింటినీ కలిపి తర్వాత లెక్కగట్టినప్పుడు చదువు మీద దాని ప్రభావం చిన్నదేనని తేలింది. మీరు పిల్లాడిని ‘నా బంగారు కొండ’ అని పిలిస్తే వాడి కెరీర్‌కేమీ ముప్పు రాదు.

మాటకున్న బలమెంత?

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఒక ఆలోచన ప్రతిపాదించాడు. ‘ఈ పని నేను చేయగలను’ అన్న భరోసా మనిషికి నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నాడు. స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, పక్కవాళ్ల ప్రోత్సాహపు మాటలు, ఆ సమయంలో ఒంట్లో ఉండే స్థితి, అంటే గుండెదడ, చెమట లాంటివి. వీటిలో అన్నిటికంటే గట్టిది మొదటిది. మనం ప్రోత్సాహం అనగానే తలుచుకునే మాటల బలం దానికంటే చాలా తక్కువ. ‘నువ్వు చేయగలవు’ అన్న మాట ఒకసారి ప్రయత్నించేంత ధైర్యం ఇస్తుంది. ప్రయత్నం బెడిసికొడితే ఆ మాట అన్నవాళ్ల మీద నమ్మకం కూడా పోతుంది.

అందుకే నిజంగా పిల్లలను నిలబెట్టిన తల్లిదండ్రులను గమనిస్తే వాళ్లు మాటలకంటే ఏర్పాట్లు ఎక్కువ చేసినట్టు కనిపిస్తారు. కోనేరు హంపి వాళ్ల నాన్న అశోక్ గారిని చూడండి. గుడివాడ మనిషి, కెమిస్ట్రీ లెక్చరర్, స్వయంగా చెస్ ఆటగాడు. 1987లో పుట్టిన కూతురికి ‘చాంపియన్’లోంచి తీసి హంపి అని పేరు పెట్టారు. అది ఆశ, అందులో సందేహం లేదు. కానీ ఆశతోనే ఆగలేదు. ఉద్యోగం వదిలేసి కోచ్‌గా మారి, మెట్టుమెట్టుగా ఎక్కించారు. 1995లో జాతీయ అండర్-8, 1997లో ప్రపంచ అండర్-10, మరుసటేడు అండర్-12, 2000లో అండర్-14, 2001లో ప్రపంచ జూనియర్. 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్. అంత చిన్న వయసులో ఆ టైటిల్ అందుకున్న అమ్మాయి అప్పటికి ప్రపంచంలోనే లేదు. హంగరీ క్రీడాకారిణి జుడిత్ పోల్గార్ రికార్డు మూడు నెలల తేడాతో చెరిగిపోయింది.

ఆ వరసలో ప్రతి గెలుపూ తర్వాతిదానికి సరిపడా ఉంది. ఎనిమిదేళ్ల పిల్లను తెచ్చి గ్రాండ్‌మాస్టర్ ముందు కూర్చోబెట్టలేదు. ఇంకో సంగతి: అశోక్ గారికి ఆట తెలుసు. కూతురు వేసిన ఎత్తు మంచిదో కాదో బల్ల మీదే చూసి చెప్పగలరు. అంటే ఆయన నమ్మకానికి రోజూ పరీక్ష జరిగేది. జుడిత్ తండ్రి లాస్లో పోల్గార్ కూడా ముగ్గురు కూతుళ్లను ఇంట్లోనే చదివిస్తూ చెస్ నేర్పాడు, అక్కడా ఇంతే. వాట్సాప్‌లో ఇలాంటి కథ చదివి, తనకు ఏమీ తెలియని రంగంలోకి పిల్లాడిని దించేసి ‘నేను నమ్ముతున్నా’ అని కూర్చునే తండ్రిది వేరే వ్యవహారం.

మరి ఏమీ తెలియనివాళ్ల మాటేమిటి? మన రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లలో ఈ తరమే మొదటిసారి కాలేజీ గడప తొక్కింది. సాఫ్ట్‌వేర్ అంటే ఏం చేస్తారో తెలియని అమ్మ, సీఏ అంటే ఎన్నేళ్లో తెలియని నాన్న. ‘మాకేం తెలుసు బాబూ, నీ ఇష్టం’ అనేస్తారు. వినడానికి స్వేచ్ఛ ఇచ్చినట్టే ఉంటుంది. బందూరా తన సహచరులతో ఇటలీలో 272 మంది పిల్లల మీద చేసి 2001లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. బిడ్డ చదువులో తాము ఏదైనా చేయగలమన్న నమ్మకం తల్లిదండ్రులకు తమ మీద తమకు ఉన్నచోట, పిల్లల ఆశయాలు, వాళ్ల ఆత్మవిశ్వాసం పెరిగాయి. ఏ వృత్తి వైపు మొగ్గాలన్నది మార్కులకంటే పిల్లలకు తమ మీదున్న ఆ విశ్వాసాన్ని బట్టే తేలింది.

దీని అర్థం తల్లిదండ్రులకు కాలిక్యులస్ రావాలని కాదు. టీచర్ దగ్గరికి వెళ్లి మొహమాటం లేకుండా ‘ఈ కోర్సు చేస్తే ఏమవుతాడు, ఫీజెంత, ఇంకో దారేదైనా ఉందా’ అని అడగగలగడం. పక్క వీధిలో ఆ ఉద్యోగం చేస్తున్న కుర్రాడిని ఓ ఆదివారం టీకి పిలవడం. చదువురాని తల్లి ఇది చేస్తే, ఇంజినీరు తండ్రి చేసినదానికంటే పిల్లలకు ఎక్కువ ధైర్యం వస్తుంది. తెలియనిది అడిగి తెలుసుకోవచ్చని వాళ్లకు కళ్లముందే కనిపిస్తుంది కాబట్టి.

ఆ మూడు బంతులు ఆపిన సిరాజ్ సంగతికి వద్దాం. నాన్న మహమ్మద్ గౌస్ గారు హైదరాబాదులో ఆటో నడిపేవారు. కొడుక్కి బౌలింగ్ నేర్పగల స్థితి ఆయనది కాదు. ఆయన చేసిందల్లా బండికి పెట్రోలు డబ్బులిచ్చి గ్రౌండుకు పంపడం. ‘ఈడొచ్చిన కొడుకువి, ఏదో ఒక పనిలో చేరు’ అనకపోవడం. ఉన్నవాళ్లకు ఇది ఏమంత విషయంగా కనిపించదు. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంట్లో ఎదిగిన కొడుకును ఆడుకోమని వదిలేయడం కంటే ఖరీదైన ప్రోత్సాహం ఇంకొకటి లేదు. 2020 నవంబరు 20న ఆయన పోయారు. సిరాజ్ అప్పుడు ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు. ఉండి నాన్న కల నెరవేర్చమని అమ్మ చెప్పడంతో ఆగిపోయాడు. డిసెంబరు 26న టెస్టుల్లోకి అడుగుపెట్టాడు, అదే మెల్‌బోర్న్‌లో. ఆ సిరీస్‌లో మన జట్టు తరఫున అందరికంటే ఎక్కువ వికెట్లు, పదమూడు, అతనివే. నాలుగేళ్ల తర్వాత అదే గ్రౌండులో ఇంకొకరి తండ్రి చూస్తుండగా ఆ మూడు బంతులు ఆడాడు.

అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి

ఈ విషయంలో మన దగ్గరే, తెలుగు పిల్లల మీదే జరిగిన పెద్ద అధ్యయనం ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002 నుంచి ‘యంగ్ లైవ్స్’ పేరుతో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను, వాళ్ల కుటుంబాలను ఏళ్ల తరబడి కలుస్తూ వచ్చారు. కొందరు 1994-95లో పుట్టినవాళ్లు, ఎక్కువమంది 2001-02లో పుట్టినవాళ్లు. బిడ్డ ఎంతవరకు చదవాలని మీ కోరిక అని తల్లిని చిన్నప్పుడే అడిగారు. ఆ బిడ్డ పెద్దయ్యాక ఎంతవరకు చదివాడో చూశారు. రెండింటికీ గట్టి సంబంధం కనిపించింది. అలాగే కొడుకు చదువు మీద పెట్టుకున్నంత ఆశ కూతురి చదువు మీద పెట్టుకోవడం లేదనీ, ఆ తేడా ఇంకొన్నేళ్లకు అమ్మాయిల సొంత ఆశల్లోకే దిగిపోతోందనీ బయటపడింది. ముందు అమ్మానాన్నలు తక్కువ కోరుకున్నారు, తర్వాత ఆ పిల్ల తానే తక్కువ కోరుకోవడం నేర్చుకుంది. ‘మా అమ్మాయికే పెద్దగా ఇంట్రెస్ట్ లేదండీ’ అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ వరస గుర్తొస్తుంది.

మరి ఆశ పెంచడం ఎలా? ఉపన్యాసాలతో మాత్రం కాదనిపిస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో 495 గ్రామాల్లో బీమన్, డఫ్లో, పాండే, టోపలోవా చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. రిజర్వేషన్ వల్ల వరసగా రెండుసార్లు మహిళే పంచాయతీ ప్రధాన్‌గా ఉన్న ఊళ్లలో, కొడుకు మీద, కూతురి మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల మధ్య తేడా పాతిక శాతం తగ్గింది. పిల్లల సొంత ఆశల్లో ముప్పై రెండు శాతం తగ్గింది. చదువులో అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య ఉన్న అంతరం చెరిగిపోయింది. ఆ ఊళ్లలో తల్లిదండ్రులకు ఎవరూ క్లాసులు పీకలేదు. కుర్చీలో కూర్చుని సంతకం పెడుతున్న ఒక ఆడమనిషిని ఏళ్ల తరబడి చూశారు, అంతే. బందూరా చెప్పిన రెండో మార్గం, అంటే తనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, పిల్లలకే కాదు, పెద్దలకూ పనిచేస్తుందన్నమాట.

కథల్లో కనిపించనివాళ్లు

ఇప్పటిదాకా నేను చెప్పిన పేర్లన్నీ గెలిచినవాళ్లవే. అది ఈ వ్యాసంలో ఉన్న లోపం, ఇలాంటి వ్యాసాలన్నింటిలోనూ ఉండే లోపం. కొడుకు కోసం ఉద్యోగం వదిలేసిన తండ్రులు విశాఖలో ఒక్కరే ఉండి ఉండరు. వాళ్లలో ఎంతమంది పిల్లలు రంజీ దాకా కూడా రాలేకపోయారో ఎవరూ లెక్కపెట్టరు. వాళ్ల నాన్నలు తక్కువగా నమ్మారనా? ఆటలో చోట్లు పదకొండు. ఎంత నమ్మినా పన్నెండోవాడు బయటే ఉంటాడు. కాబట్టి నితీశ్ వీడియో చూసి ఉద్యోగం మానేయాలనుకునే తండ్రి ముందుగా అడగాల్సింది ‘నాకు నమ్మకం ఉందా’ అని కాదు, ఇది కుదరకపోతే మా ఇల్లు ఎలా గడుస్తుందని.

వెనక్కి తిరిగి నడిచే సంబంధం కూడా ఉంది. పిల్లాడు బాగా చదువుతుంటే తల్లిదండ్రులకు నమ్మకం దానంతటదే పెరుగుతుంది. బవేరియా అధ్యయనంలోనూ పిల్లల మార్కులు తల్లిదండ్రుల ఆశల్ని మార్చినట్టు తేలింది. కాబట్టి విజయానికి ముందే నమ్మకం ఉందని తర్వాత అందరూ చెప్పుకునేదాంట్లో కొంత, విజయం చూశాక వెనక్కి అతికించుకున్నది.

డబ్బు సంగతి మనం ఎందుకో మాట్లాడుకోం. నెల జీతం, పెన్షను, సొంతిల్లు ఉన్నచోట ‘ఏడాది గ్యాప్ తీసుకో, పర్లేదు’ అనడం సులువు. అప్పుచేసి ఫీజు కట్టిన కౌలు రైతు అదే మాట అనలేకపోతే, ఆయనకు కొడుకు మీద నమ్మకం లేదని ఎలా అంటాం? ఆయన దగ్గర నమ్మకానికి లోటు లేదు, గడువుకే లోటు.

పాతికేళ్లు దాటాక

ప్రోత్సాహం గురించి రాసే వ్యాసాలు చాలావరకు ఇంటర్ రిజల్ట్స్ దగ్గర ఆగిపోతాయి. కెరీర్ అసలు మొదలయ్యేది ఆ తర్వాత కదా. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో నాలుగో ఏడు గ్రూప్-1కి చదువుతున్న కుర్రాడు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు పోయి, పనేమీ లేకుండా మూడు నెలలుగా బెంచ్ మీద ఉన్న అమ్మాయి, అమెరికాలో ఉద్యోగం పోయి వీసా గడువులో రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు. వీళ్లకు అమ్మానాన్నల నమ్మకం ఏ రూపంలో కావాలి?

నేను చూసినంతలో ఈ వయసులో పిల్లలను బాగా తినేసేది తిట్లు కాదు, మౌనం. ఇంటికి ఫోన్ చేస్తే అన్నీ మాట్లాడతారు, అదొక్కటి తప్ప. పండక్కి వస్తే చుట్టాల ముందు ‘ఏదో ప్రిపేర్ అవుతున్నాడు’ అని మాట దాటేస్తారు. దానికంటే కూర్చోబెట్టి ‘ఇంకో రెండు నోటిఫికేషన్లు చూద్దాం నాన్నా, అప్పటిదాకా నెలకు ఇంత పంపగలం, ఆ తర్వాత నువ్వు వేరే ఉద్యోగం చూసుకోవాలి’ అని తేల్చి చెప్పిన ఇళ్లలో పిల్లలు ఊపిరి తీసుకోగలిగారు. గడువు పెట్టడం నమ్మకం లేకపోవడం అనుకుంటాం. గడువు తెలియని నిరీక్షణలో ప్రతి నెలా పంపే డబ్బు ఒక చిన్న నిందలాగే చేరుతుంది.

పెళ్లయి పిల్లలు పుట్టాక అమ్మాయిలకు కావలసిన ప్రోత్సాహం ఇంకో రకం. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండేందుకు, ఆవకాయ, కారప్పొడి, జాజికాయ సర్దుకుని, మోకాళ్ల నొప్పులతో అమెరికా వెళ్లే అమ్మలను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చూస్తుంటాం. దాన్ని బాధ్యత అంటాం, పురుడు పోయడానికి అంటాం. కూతురి ఉద్యోగం నిలబడేది దానివల్లే అని ఎవరూ అనరు.

హంపి 2016 తర్వాత రెండేళ్లు ఆటకు దూరంగా ఉంది. 2017లో పాప పుట్టింది. తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 డిసెంబరులో, నితీశ్ సెంచరీ కొట్టిన అదే రోజున, న్యూయార్క్‌లో ముప్పై ఏడేళ్ల వయసులో ఆ టైటిల్ రెండోసారి గెలిచింది. ఆ టోర్నీలో మొదటి గేమే ఓడిపోయింది. గెలిచాక విలేఖరులు అడిగితే కుటుంబం అండ వల్లే ఇది కుదిరిందని చెప్పింది: తాను టోర్నీలకు వెళ్లినప్పుడు పాపను అమ్మానాన్నలే చూసుకుంటారట. ఒకప్పుడు కూతురి ఆట కోసం లెక్చరర్ ఉద్యోగం వదిలిన తండ్రి, ఇప్పుడు అదే ఆట కోసం మనవరాలిని చూసుకుంటున్నారు.